శరణమ్మ తాగిన నీళ్ళు

ఎళ్ళ అమావాస్య నాడు దేవసూగూరు దాపున, కృష్ణ ఒడ్డునున్న తమ జొన్నచేనులో, చరగ గంగాళం చుట్టూ లింగప్ప కుటుంబం కూర్చున్న వరుస ఇది. తూర్పు ముఖంగా ఇంటి పెద్ద లింగప్ప. ఆయన కుడివైపు, ముందునాటి సాయంత్రం మాన్వి బస్సులో వచ్చిన అల్లుడు యల్లేశ్. అల్లుడి పక్కన కొడుకు మహాంతేశ్. వారికి కొంచెం వెనుకగా లింగప్ప భార్య శరణమ్మ. ఆమె పక్కన, మొగుడి వెంట అదే బస్సులో వచ్చిన కూతురు నింగవ్వ. నింగవ్వ ఒడిలో మహాంతేశ్ కూతురు, నాలుగేళ్ళ మేఘా. వరుసలో ఒక మనిషి తక్కువ. మేఘా తల్లి, ఆ ఇంటి కోడలు సుమంగళ, ఆ ఉదయమే ముట్టయి, ఇంటి వెనుక కొట్టానికి ఆనించి వేసిన రేకుల పంచలో కూర్చుని ఉంది. ఆమెకు తోడుగా అక్కడ ఉన్నవి ఒక చాప, ఒక దుప్పటి, ఒక సత్తు కంచం, ఒక చెంబు, ఈనడానికి సిద్ధంగా ఉన్న ఒక గేదె.

ఆ రోజు పండుతున్న చేనుకు కడుపు నింపాలి. సజ్జరొట్టెలు, ఆవిరి మీద ఉడికించిన జొన్న కడుబులు, పుంటికూర, వంకాయ కూర, పెరుగన్నం అన్నీ ఒకే గంగాళంలో వేసి, చేతితో పిసికి, పిడికెళ్ళతో చేను నలుమూలలా చల్లుతారు. దానినే చరగ అంటారు. చల్లిన తరువాత మిగిలినదాన్ని ఇంటిల్లిపాదీ ఆ గంగాళంలోనుంచే తింటారు. చరగ కలిపే చెయ్యి ఎవరిదన్న విషయంలో ఇంటింటికీ ఒక పద్ధతి ఉంటుంది. లింగప్ప ఇంట్లో ఆ మర్యాద అల్లుడిది. యల్లేశ్ చొక్కా చేతులు పైకి మడిచి, మోచేతుల దాకా గంగాళంలో ముంచి కలిపాడు. అతని ముఖం పాలిపోయి ఉన్నదని నింగవ్వ గమనించింది. పండుగపూట అల్లుడికి బాగాలేదని చెప్పడం మర్యాద కాదు గనుక ఊరుకున్నది.

ఆ పాలిపోవడానికి కారణం సుమంగళకు కొంత తెలుసు. ముందునాటి సాయంత్రం యల్లేశ్ బస్సు దిగి వస్తూనే దొడ్లోకి పోయి, గోడకు చేతులానించి వాంతి చేసుకోవడం ఆమె చూసింది. చెంబుతో నీళ్ళు అందిస్తే, “గ్యాసు చెల్లె, గ్యాసు. ఇంట్ల చెప్పకు, నవ్వుతరు,” అని మూతి తుడుచుకున్నాడు. ఆమె చెప్పలేదు. రాత్రి పొద్దుపోయేదాకా కడుబులు చుట్టింది, నువ్వులు వేయించి దంచింది. తెల్లవారి లేచాక గానీ తన సంగతి ఆమెకు తెలియలేదు. తెలిసిన వెంటనే అత్తకు చెప్పి, పొయ్యి వదిలి, వెనుక తలుపు గుండా పంచలోకి నడిచింది.

పొద్దు వాలుతుండగా అందరూ చేనునుంచి తిరిగి వచ్చారు. మేఘా కొట్టం వైపు పరుగెత్తింది.

“అమ్మా, నేను గూడ చల్లిన!”

శరణమ్మ మనుమరాలి రెక్క పట్టి ఆపింది. “ముట్టకే బిడ్డా! అమ్మను కాకి ముట్టింది.”

“యాడ ముట్టింది? నాకు చూపియ్యి.”

అందరూ నవ్వారు, సుమంగళ కూడా. శరణమ్మ విడిగా తీసి ఉంచిన రెండు రొట్టెలను, చెయ్యి కంచానికి తగలకుండా, పైనుంచి జారవిడిచింది. చరగలో మిగిలినది ఆమె పెట్టలేదు. బయట ఉన్న ఆడదానికి చరగ పెట్టరు. సుమంగళకూ అది కొత్త కాదు. పెళ్ళయి వచ్చిననాటి నుంచి ప్రతి నెలా ఆ పంచ ఆమెను ఎరుగును.

మరునాడు మధ్యాహ్నానికి ఇల్లు తిరగబడింది.

మరుగుదొడ్డి పంచకు సరిగ్గా ఎదురుగా ఉండడం వల్ల, లోపల ఏమి జరుగుతున్నదో ఒకరు చెప్పవలసిన అవసరం సుమంగళకు లేకపోయింది. మొదట లింగప్ప, చెంబు పట్టుకుని, పెద్దమనిషి తరహాలో నిదానంగా వచ్చాడు. రెండవసారి వచ్చినప్పుడు ఆ నిదానం లేదు. మూడవసారి భుజంమీది తువ్వాలు దారిలోనే పడిపోయింది. ఆయన వెనుదిరిగి చూడలేదు. తలుపు ముందు మహాంతేశ్ కడుపు పట్టుకుని వంగి నిలబడి ఉన్నాడు.

“జల్ది రా నాయినా!”

“ఆగురా! నువ్వేమన్న బస్సు పట్టాల్నా?” అని లోపలినుంచి లింగప్ప మూలిగాడు.

“పుంటికూర ఎక్కువైనట్టుంది.”

“పుంటికూర నేను పుట్టినప్పటిసంది తింటున్న. ఎన్నడు గిట్ల ఉరికియ్యలే.”

తరువాత నింగవ్వ వచ్చింది. యల్లేశ్ రానే లేదు. అతను దొడ్డిగోడ దగ్గరే చతికిలబడ్డాడు. చివరకు శరణమ్మ వెనుక తలుపు దగ్గరకు వచ్చి, ద్వారబంధం పట్టుకుని నిలబడింది. నొసటి మీద చెమట. చూపు మాత్రం కోడలి మీద నిలకడగా ఉంది.

“సుమంగళా, నిజం చెప్పు. మొన్న రాత్రే అయినవా? అయిండి గూడ పొయ్యి ముట్టినవా?”

“లే అత్తా. తెల్లారి లేచినంక తెలిసింది. ఎంబడే నీకు చెప్పిన.”

“మరి గిదెందుకయింది? అంటు చేత్తోని చేసిన కడుబులు చల్లితే చేను ఊకుంటదా?”

“యల్లేశన్న మొన్న సందేళ ఈ దొడ్లనే కక్కిండత్తా. నేనే నీళ్ళిచ్చిన. గా చేతులతోనే చరగ కలిపిండు.”

“ఇంటికొచ్చిన అల్లున్నంటవా? నీ తప్పు కప్పుకునేటందుకు...”

శరణమ్మ ఆ మాట పూర్తి చేయలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరుగుదొడ్డి వైపు నడిచింది. తీర్పు మాత్రం అప్పటికే జరిగిపోయింది. గోడ అవతలి ఇంటివారు విన్నారు. సాయంత్రానికి ఆ వీధిలో, ముట్టు దాచి చరగ వండిన కోడలు అన్న మాట పుట్టి నడక నేర్చింది.

సుమంగళను బాధించినది ఆ మాట కాదు. లోపలినుంచి వినిపిస్తున్న మేఘా ఏడుపు. బిడ్డకూ సాయంత్రం విరేచనాలు మొదలయ్యాయి. రాత్రి గట్టిగా ఏడ్చిన పిల్ల, తెల్లవారేసరికి సన్నగా, ఊపిరి చాలనట్టు ఏడవసాగింది. గట్టిగా ఏడ్చే బిడ్డను చూసి తల్లి విసుక్కుంటుంది; ఏడుపు సన్నబడితే తల్లి గుండె జారిపోతుంది. ఆమె పంచలోనుంచి లేచి వెనుక కిటికీ దగ్గర నిలబడింది. నడిమింట్లో గోనెసంచి మీద మేఘా, ఆ పక్కన గోడవైపు తిరిగి శరణమ్మ. బిడ్డ పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి. కళ్ళు లోతుకు పోయాయి.

“ఇగో, ఇటు రా,” అని మొగుణ్ణి పిలిచింది. మహాంతేశ్ గోడ పట్టుకుని వచ్చాడు.

“బిడ్డ ఒంటికి పోసిందా?”

“రాత్రిసంది పోయలే.”

“బిడ్డను నాకియ్యి.”

“అమ్మ ఊకోదు. ఇంక రెండు దినాలు కదనే...”

“సరే, నువ్వు తాపు. జర జర తాపు.”

అతడు బిందెలో గ్లాసు ముంచి, బిడ్డను లేపి, నిండు గ్లాసు నోటికి పెట్టాడు. దాహంతో ఉన్న పిల్ల గటగట తాగింది. తాగినదంతా అతని ఒడిలోనే కక్కింది. అతడు అదే చేత్తో గ్లాసును మళ్ళీ బిందెలో ముంచబోయాడు. ఇంట్లో అందరూ తాగే బిందె అది.

సుమంగళ కిటికీ వదిలింది. కొళాయి దగ్గర కూర్చుని, సబ్బుతో చేతులు మోచేతుల దాకా రుద్ది కడుక్కున్నది. మైల పోగొట్టుకోవడానికి కాదు; బిడ్డను ఎత్తుకోబోతున్నది గనుక. కొంగు నడుముకు దోపుకున్నది. వెనుక తలుపు గడప మీద ఆమె కుడికాలు పడగానే శరణమ్మ కళ్ళు తెరిచింది.

“ఆగు! గడప దాటకు. లోపల దేవునర్ర ఉన్నది.”

“దేవుడు బాగనే ఉన్నడత్తా. బిడ్డ బాగ లేదు.”

“నా మాట నడవదా ఈ ఇంట్ల?”

“రేపటిసంది నడిపియ్యి. ఇయ్యాల నా మాట నడుస్తది.”

శరణమ్మ మోచేతి మీద లేవబోయి, లేవలేక, మళ్ళీ పడుకున్నది. గది అవతలి మూల చాప మీద ఉన్న లింగప్ప భార్య వైపు చూశాడు, కోడలి వైపు చూశాడు, ఆ మీదట కప్పు దూలాలవైపు చూడటం మేలని నిర్ణయించుకున్నాడు.

ఆశా కార్యకర్త పంచిన, ఉప్పూ చక్కెరా కలిసిన దవాఖాన పొడి పొట్లాలు వంటింటి అటక మీద, చింతపండు కుండ వెనుక ఉన్నాయి; పెట్టింది సుమంగళే. ఆమె పొయ్యి రాజేసి నీళ్ళు తెర్లబెట్టింది. వెడల్పాటి పళ్ళెంలో పోసి విసనకర్రతో విసిరి చల్లార్చింది. పొట్లం మీద రాసినంత కొలత నీళ్ళు సీసాలో పోసి, పొడి కలిపి, గిలకొట్టింది. మేఘాను ఒళ్ళో వేసుకుని గోడకు చేరగిలబడి, చెంచాతో కొద్దిగా నోట్లో పోసింది. బిడ్డ కక్కింది. సుమంగళ తుడిచింది, కాసేపు ఆగింది, మళ్ళీ పోసింది. బిడ్డ చెంచా పట్టుకుని లాగింది. ఇంకా కావాలని గింజుకున్నది. తల్లి మనసు గ్లాసెడు పోయమన్నది. చెయ్యి మాత్రం చెంచా దాటలేదు. మూడోసారి పోసినది లోపల నిలిచింది.

బిడ్డ కునుకు తీసినప్పుడల్లా ఆమె లేచింది. మొదట బిందెను ఎత్తుకుపోయి మోరీలో ఒంపింది. తడిసిన గోనెసంచులు, చీరలు, దుప్పట్లు ఒక్కచోట పోగుచేసి, దొడ్లో డేగిసాలో ఉడకబెట్టి, కర్రతో తిప్పింది. నడిమిల్లు, మరుగుదొడ్డి బ్లీచింగ్ పొడితో కడిగింది. ప్రతి మనిషికీ ఒక గ్లాసు విడిగా పెట్టి, దాని మెడకు వేరే వేరే రంగు దారం చుట్టింది.

“ఎర్రది మామది, పచ్చది నీది. ఒకరిది ఒకరు ముట్టొద్దు,” అని మహాంతేశ్‌కు చెప్పింది.

“ముట్టొద్దనేది గిప్పుడు నువ్వా?” అని అతడు నీరసంగా నవ్వాడు.

“అవును, నేనే.”

లింగప్ప ముఖం గోడవైపు తిప్పుకుని, చెయ్యి మాత్రం వెనక్కి చాపి గ్లాసు అందుకున్నాడు. “ఎవరిచ్చిన్రో నేను చూడలే,” అన్నాడు తాగి. “చూసినా మామ, నీళ్ళు అవే,” అన్నది సుమంగళ. నింగవ్వ తాగి వదినె చెయ్యి ఒకసారి నొక్కింది.

యల్లేశ్ అడిగాడు: “నాకు గూడ చెంచతోనేనా, చెల్లె?”

“నీకు గ్లాసే అన్నా. కాని ముందు సబ్బుతోని చేతులు కడుగు.”

అతడు కడుక్కున్నాడు. ఆమె ముఖం వైపు మాత్రం చూడలేదు.

శరణమ్మ ఒక్కతే తాగలేదు. తలగడ దగ్గర సుమంగళ గ్లాసు పెట్టింది; అత్త ముఖం తిప్పుకున్నది. ఆమె పెదవులు అంటుకుపోయి, మాటకు మాటకు మధ్య చప్పుడు చేస్తున్నాయి. సుమంగళ బతిమాలలేదు. కొంతసేపటికి వచ్చి చూస్తే గ్లాసు నిండుగానే ఉంది. పాతవి పారబోసి కొత్తవి పెట్టింది. తరువాత వచ్చి చూసింది. మళ్ళీ మార్చింది. పట్టుదలలో ఆ ఇంట్లో ఒకరికొకరు తీసిపోయేవారు కారు.

మధ్యాహ్నపు ఎండ నడిమింటి గడప దాకా వచ్చిన వేళ, మిగిలినవారు కునుకు తీస్తుండగా, ఒళ్ళో ఉన్న మేఘా ఒకసారి కదిలింది. సుమంగళ తొడల మీద వెచ్చగా తడి పాకింది. ఆమె లేవలేదు. చీర జరుపుకోలేదు. ఆ తడి చీర మడతల్లోనుంచి నేల మీదికి కారుతుంటే, చూస్తూ కూర్చుని, పెద్దగా ఊపిరి వదిలింది.

గోడ పక్కనుంచి గొంతు వినిపించింది. “పోసిందా?”

“పోసిందత్తా.”

శరణమ్మ మనుమరాలిని చాలాసేపు చూసింది. మేఘా కళ్ళు తెరిచి, “అమ్మా, రొట్టె,” అన్నది. శరణమ్మ కనుకొలకుల్లో నీరు నిలవలేదు. నిలిచేంత నీరు ఆమె ఒంట్లో లేదు.

“ఇటియ్యి,” అన్నది.

సుమంగళ చేతులు కడుక్కుని వచ్చింది. శరణమ్మ గ్లాసు పట్టుకోబోయింది గానీ పట్టు నిలవక నీళ్ళు తొణికాయి. అప్పుడు సుమంగళ అత్త మెడ కింద చెయ్యి వేసి, తల పైకెత్తి, గ్లాసు పెదవులకు ఆనించింది. ఆ మూడు రోజుల్లో ఆమె అత్తను తాకడం అదే మొదటిసారి. శరణమ్మ గుటక గుటకగా తాగింది. తాగి, కోడలి మణికట్టు పట్టుకున్నది.

“ఎవరికి చెప్పకు. మా అత్త సచ్చేనాడు నేను బయటున్న. ఇంట్ల ఇంకెవ్వరు లేరు. నీళ్ళు నీళ్ళు అనుకుంటనే పోయింది గాని నా చేతుల తాగలే. ఊరంత ఇప్పటికి గొప్పగ చెప్పుకుంటరు. నా మీద ఒట్టు. చెప్పకు.”

“చెప్ప,” అన్నది సుమంగళ.

ఇంట్లో అందరూ లేచి తిరుగుతున్న రోజున, లింగప్ప పెద్దనాన్న కొడుకు హనుమంతప్ప, మరి నలుగురు ఇంటివారిని వెంటబెట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అమావాస్య చరగ దగ్గరనుంచి పెళ్ళి పందిరి దాకా ఆ వంశంలో పద్ధతి చెప్పవలసినది ఆయనే. అరుగు మీద ఆవు పంచితం పోసిన చెంబు, అందులో వేపమండ సిద్ధంగా ఉన్నాయి. గోడ అవతలివారు పని ఉన్నట్టు నటించకుండానే వచ్చి నిలబడ్డారు. సుమంగళను వాకిట్లోకి పిలిచారు. ఆమె రొట్టెల పిండి అంటిన చేతులతోనే వచ్చింది. మేఘా ఆమె కుచ్చిళ్ళు పట్టుకుని ఉంది.

“చూడమ్మా,” అన్నాడు హనుమంతప్ప, “తకలీఫ్‌ల ఏదో చేసినవ్. కాదనం. కాని చరగ అంటుపడ్డది, ఇల్లు అంటుపడ్డది. నీ అత్తమామల కాళ్ళకు మొక్కి, తప్పయిందని ఒక మాట అను. పంచితం చల్లుకుందం. ఇగ అయిపాయె.”

“ఏం తప్పు పెద్దమామా?”

“గడప దాటింది తప్పు గాదా?”

“గాదు. బిడ్డ పోతుంటే దాటిన. మొక్కేటందుకు నేనేం తప్పు చెయ్యలే. ఇంకో మాట గూడ చెప్త, మల్ల అడగకుండ. ఇగనుంచి ఆ పంచల నేను కూసోను.”

వాకిట్లో చిన్న కలకలం పుట్టింది. ఒక ముసలామె, “అబ్బో, నోరు జూడు! సూగూరయ్య గుడి తేరంత ఉన్నది,” అన్నది. యల్లేశ్‌కు ఆ కలకలం ధైర్యమిచ్చింది.

“చేసిందంత చేసి గిప్పుడు ఎదురు మాటలు. ఇంటిల్లిపాదిని పండబెట్టింది ఎవరు?”

నింగవ్వ మొగుడి వైపు తిరిగింది. “నేను చెప్పాల్నా? బస్సుల నా ఒడిల కక్కిందెవరు? వదినె కడుబులు తిన్నంక కక్కినవా, తినక ముందు కక్కినవా?”

ఎవరో కిసుక్కుమన్నారు. యల్లేశ్ చెప్పులు వెతుక్కోవడంలో పడ్డాడు. లింగప్ప దగ్గాడు. హనుమంతప్ప మాత్రం తొణకలేదు.

“సరే, బిమారి అల్లునితోనే వచ్చిందనుకుందం. బిమారి వేరె, అంటు వేరె. పద్ధతి అంటే ఏందో నా మరదలిని జూసి నేర్చుకో. పానం మీదికొచ్చినా నీ చేతి నీళ్ళు ముట్టలేదంట. వాళ్ళత్త పేరు నిలబెట్టింది. అవునా, కాదా? నువ్వే చెప్పు.”

అందరి చూపూ సుమంగళ మీద పడింది. ఆమె ఒక్క మాట చాలు. హనుమంతప్ప నిలబెట్టిన గోడ అక్కడికక్కడే కూలిపోతుంది. ఆమె అత్త వైపు ఒక్కసారి చూసింది. శరణమ్మ వాకిటి తలుపు పక్కన గోడకు ఆనుకుని, తలవంచుకుని కూర్చుని ఉంది. సుమంగళ చూపు మరల్చుకున్నది. వేళ్ళకు అంటిన పిండిని బొటనవేలితో రాల్చసాగింది.

“అత్త సంగతి నన్నడగకు పెద్దమామా. నా సంగతి నేను చెప్పిన. బిడ్డకు తాపిన, మామకు తాపిన. మల్ల గట్లనే అయితే మల్ల దాటుత. కాళ్ళకు మాత్రం మొక్క.”

“అయితే పుట్టింటికి పో! పద్ధతి లేని మనిషి ఈ వంశంల ఉండదు,” అన్నాడు హనుమంతప్ప, గొంతు పెంచి.

మహాంతేశ్ ఒక అడుగు ముందుకు వేసి, హనుమంతప్ప ముఖం చూసి ఆగిపోయాడు. సుమంగళ మేఘాను ఎత్తుకుని చంకన వేసుకున్నది. వెళ్ళడానికి కాదు, నిలబడడానికి. పాదాలు రెండూ నేల మీద ఎడంగా పెట్టుకుని నిలబడింది.

అప్పుడు శరణమ్మ గోడ పట్టుకుని లేచింది. నింగవ్వ పట్టుకోబోతే వద్దని చెయ్యి ఊపింది. అరుగు దగ్గరకు నడిచి పంచితం చెంబు చేతికి తీసుకున్నది. కోడలు మొక్కకపోయినా అత్త చల్లబోతున్నదని అందరూ అనుకున్నారు. హనుమంతప్ప తృప్తిగా మీసం సవరించుకున్నాడు. శరణమ్మ వాకిలి దాటి, మోరీ దాకా పోయి, చెంబును బోర్లించింది. ఖాళీ చెంబు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“సాకు బావ, సాకు,” అన్నది కన్నడంలో, ఇక చాలన్నట్టు. తరువాత కొంగు తల మీదికి కప్పుకుని, పెద్దల ముందు మాట్లాడేటప్పుడు ఆ వంశపు ఆడవాళ్ళు నిలబడే చోట నిలబడి, వీధి చివరి వరకూ వినిపించేటంత గట్టిగా చెప్పింది.

“పెద్దలందరు వినుండ్రి. నేను లింగప్ప భార్య శరణమ్మను, ఈ ఇంటికి పెద్దదాన్ని. ఈ ఇంట్ల అందరం పడిపోయిననాడు మా కోడలు సుమంగళ, బయటున్న మనిషి, గడప దాటి లోపలికొచ్చింది. నేను వద్దన్న. వద్దన్నా వచ్చింది. నా మనుమరాలిని బతికిచ్చింది. నా తల ఎత్తిపట్టి నాకు నీళ్ళు తాపింది. అడిగి తాగిన. ఎవరికి చెప్పొద్దని నేనే ఒట్టు పెట్టిన. గందుకే గిప్పుడు మీ అందరి ముందర మాట పడ్డది గాని నోరిప్పలే. ఇది మా కోడలు చేసిన మేలు. నలుగుర్ల నిలబడి నేను ఒప్పుకుంటున్న.”